వరహాలమ్మ జంకు

టీ ఇంకా పొగలు కక్కుతోంది. నూకరత్నం దాన్ని ఒక స్టీలు గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ధారగా పోస్తోంది. నాలుగుసార్లు పోసి, గ్లాసును తన ముంజేతికి ఆనించి చూసుకుంది. చురుక్కుమంది. మళ్ళీ పోసింది.

"పసిగుంటకి పాలు సల్లార్సినట్టు ఏటే ఆ పోయడం?" గుమ్మంలో కూర్చుని కొప్పు చుట్టుకుంటున్న వరహాలమ్మ అంది. "ఇటియ్యి, బస్సు ఎల్లిపోతాది."

"అయిపోయిందమ్మా, ఉండు."

"సల్లారిన టీ తాగితే షిఫ్టంతా సలికాలమే నాకు."

రత్నం గ్లాసు అందించింది. తల్లి తాగుతున్నంతసేపూ ఆ వేళ్ళకేసే చూసింది. పదీ పొడుగ్గా, గట్టిగా, గోళ్ళలో సన్నగా నూనె మరకతో ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు రేకుని నొక్కి వస్తువులు చేసే పవర్ ప్రెస్ ముందు కూర్చున్న మనిషికి పది వేళ్ళూ మిగలడం గాజువాక ఆటోనగర్‌లో చిన్న సంగతి కాదు. కొత్తగా చేరిన ఆడవాళ్ళకి ఫోర్‌మన్ ముందుగా వరహాలమ్మ చేతులే చూపించేవాడు.

మూడు వారాల కిందట అట్లు పోస్తుంటే పెనం అంచుకి ఆ చెయ్యి ఆనింది. ఆని, అక్కడే ఉండిపోయింది. నొప్పి తెలిసింది. మొహం ముడుచుకుంది, "అబ్బా" అని కూడా అంది. కానీ చెయ్యి వెనక్కి రాలేదు. ఒక క్షణం ఆగి, మరిచిపోయిన వస్తువును తీసుకున్నట్టుగా దాన్ని తీసుకుంది. "పెనం అంటుకుందే," అని నవ్వి, అరచేతి మీద తేనె రాసుకుంది. రత్నం కూడా నవ్వింది. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆ తరవాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. టీ మాత్రం అప్పటినుంచి రత్నమే చల్లారుస్తోంది.

*

రత్నం పాలిటెక్నిక్ ముగించి అదే కంపెనీ కంట్రోల్ సెక్షన్‌లో చేరిన కొత్తలో, మొట్టమొదట రాసిన ప్రోగ్రాం తల్లి కూర్చునే మూడో నంబరు ప్రెస్‌కే. లారీలకి కావలసిన రేకు బిగింపులు ఆ ప్రెస్ కింద తయారవుతాయి. ప్రెస్ పక్కన ఇనుప బీరువాలో టిఫిన్ క్యారియరంత బూడిదరంగు పెట్టె పెట్టారు. దాన్ని పీఎల్‌సీ అంటారని, ఇకనుంచి ప్రెస్‌ని నడిపేది అదేనని ఆ రోజు సాయంత్రం తల్లికి చెప్పింది.

"అదేటి సేస్తాది?"

"ముందు తన దగ్గరికొచ్చే తీగలన్నిటినీ చూస్తుందమ్మా. ఏ బటన్ నొక్కారు, ఏ తలుపు తెరిచుంది అని. తరవాత నేను నిచ్చెనలా గీసిన ప్రోగ్రాం దిగుతుంది. ఇది ఉండి అది లేకపోతే ఇలా చెయ్యి అని ఒక్కో మెట్టు మీదా ఒక్కో సంగతి ఉంటుంది. ఆఖరి మెట్టు దాకా దిగాక బ్రేకు తియ్యమనో వెయ్యమనో చెబుతుంది. మళ్ళీ మొదటికొచ్చి తీగలు చూస్తుంది. సెకనుకి వందసార్లు."

"అలిసిపోదేటి?"

"పోదు."

"ఇసుక్కోదేటి?"

"విసుక్కోదు."

"మరయితే మా నరసయ్య కంటే మేలే," అంది వరహాలమ్మ. అప్పలనరసయ్య అక్కడి ఫోర్‌మన్. ఎనిమిది వేళ్ళ మనిషి, పదహారు మందికి సరిపడా నోరు.

ఆ ప్రోగ్రాంలో పద్నాలుగు మెట్లున్నాయి. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ప్రెస్ దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే ఇక డై అనే ఉక్కు అచ్చు కింద ఏ చెయ్యీ ఉండదు. ఒక బటన్‌లో పుల్ల గుచ్చి వదిలేస్తారని రత్నానికి ముందే తెలుసు కాబట్టి, ప్రతిసారీ రెండూ వదిలి మళ్ళీ నొక్కాలని ఇంకో మెట్టు కూడా గీసింది. రాత్రిళ్ళు ఆ నిచ్చెన తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు పులకరించేది. అక్కడ చదువుకున్నవాళ్ళు ఎంతమందున్నా, తల్లి చేతికి అడ్డుగా గోడ కట్టింది తనే.

నాలుగో రోజుకి ప్రెస్ ఆపరేటర్లు రెండు బటన్ల మీదికీ ఒక చెక్క బద్ద కట్టి, మోచేత్తో నొక్కడం మొదలుపెట్టారు. ఒక చెయ్యి ఖాళీ అయితే రేకు బిళ్ళ పెట్టడం తొందరగా అవుతుంది, షిఫ్టు టార్గెట్ అందుతుంది.

రత్నం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వరహాలమ్మ పకపకా నవ్వింది. "నీ పెట్టెకి బటన్ కనపడతాది గాని సెయ్యి కనపడదే పిల్లా. సెయ్యి కనపడేలాగ సెయ్యి."

ఆ మాటను రత్నం మర్నాడు తన పై అధికారి ఫణికుమార్‌కి చెప్పింది. ఆయన దాన్ని అలాగే గోడమీది బోర్డు మీద రాశాడు.

*

అలా పుట్టింది జంకు కార్డు. పీఎల్‌సీ పెట్టెలో పక్కన చొప్పించే చిన్న కార్డు అది. మనిషి మణికట్టుకి ఒక పట్టీ కట్టుకుంటాడు. ప్రమాదాన్ని కన్ను పసిగట్టగానే చేతిని వెనక్కి లాగమని నరంలో ఒక కదలిక పుడుతుంది. చెయ్యి కదలడానికి ముందే పుడుతుంది. పట్టీ దాన్ని పట్టుకుంటుంది, కార్డు గుర్తుపడుతుంది, పీఎల్‌సీ ప్రెస్‌ని ఆపేస్తుంది. బటన్‌ని మోసం చెయ్యొచ్చు. మనిషి తన జంకుని తాను మోసం చేసుకోలేడు.

అయితే జంకు ఎలా ఉంటుందో కార్డుకి ముందు ఎవరో ఒకరు నేర్పాలి. ఇరవై ఆరు మందికి పట్టీ కట్టి చూశారు. కొందరిది ముందే పుట్టే భయం, కొందరిది ఆలస్యంగా వచ్చే ఉలికిపాటు. అప్పలనరసయ్య గీత అయితే ఊళ్ళో కరెంటు తీగల్లా చిక్కుపడింది. ఒక్క వరహాలమ్మది మాత్రం తేటగా ఉంది. నిశ్చలంగా సాగిన గీత మీద సూదిలా లేచిన ఒకే ఒక్క మొన. తెర మీద దాన్ని చూసి ఫణికుమార్ లేచి నిలబడ్డాడు. "ఇరవై రెండేళ్ళుగా ఈ వేళ్ళని కాపాడింది ఇదే," అన్నాడు.

ఎనిమిది నెలలు వరహాలమ్మ లాబ్‌లో రబ్బరు డై బిగించిన ప్రెస్ ముందు కూర్చుంది. చెయ్యి పెట్టడం, ప్రెస్ దిగడం, జంకడం, ప్రెస్ ఆగడం. నలభైవేల సార్లు. కార్డు నేర్చుకుంది. ఎవరు పట్టీ కట్టుకున్నా సరే, ఆమె జంకుతో పోల్చి వాళ్ళ జంకును పసిగట్టడం మొదలుపెట్టింది. అప్పుడు బటన్లు తీసేసి, ఆపరేటర్లకి అలవాటైన కాలి పెడల్నే మళ్ళీ బిగించారు. చేతులు రెండూ ఖాళీ. కాపలా అంతా పట్టీదే. ప్రభుత్వ అనుమతి వచ్చేదాకా మూడో నంబరు ప్రెస్ మీద మాత్రమే నడపాలని నిర్ణయించి, దాని ముందు ఉదయం షిఫ్టులో వరహాలమ్మనే కూర్చోబెట్టారు.

*

టీ చల్లార్చిన ఆ రోజే, తల్లి షిఫ్టు ముగిశాక, రత్నం లాబ్‌లో మూడో నంబరు ప్రెస్ రికార్డు తెరిచింది. ఆ ప్రెస్ మీద రెండు షిఫ్టులు నడుస్తాయి. మధ్యాహ్నం షిఫ్టులో కూర్చునేవాళ్ళకి కార్డు నెలలో తొమ్మిదిసార్లు ప్రెస్ ఆపింది. ఉదయం షిఫ్టులో ఒక్కసారి కూడా ఆపలేదు.

"మీ అమ్మ పొరపాటు చెయ్యదు కదమ్మాయీ," అని నరసయ్య అందరికీ చెప్పుకుంటున్నాడు.

రత్నం తల్లి పట్టీ గీతని వెనక్కి తిప్పుతూ వెళ్ళింది. శిక్షణ మొదటి నెలలో సూదిమొన. నాలుగో నెలలో చిన్న బొడిపె. ఎనిమిదో నెలలో దాని జాడ మాత్రమే. ఈ నెలలో తిన్నని గీత. ఎక్కడా ఏమీ లేదు.

ఫణికుమార్ చూసి కళ్ళజోడు తీశాడు. "నలభైవేల సార్లు చెయ్యి జంకబోయింది. ప్రతిసారీ అది కదిలేలోపు ప్రెస్సే ఆగిపోయింది. ఇక నేను కదలక్కర్లేదని ఆ చెయ్యి నేర్చుకుంది."

"అంటే కార్డు మా అమ్మని కాపాడదా సార్?"

"జంకు ఉంటేనే కదా పట్టుకునేది."

దేశంలో ఎవరి చెయ్యినైనా కాపాడగల కార్డు అది. దాన్ని తయారుచేసిన చేతిని మాత్రం కాపాడలేదు. నెలరోజులుగా తల్లి అసలైన ఉక్కు డై కింద, ఏ కాపలా లేకుండా, కేవలం పనితనం మీద నెట్టుకొస్తోంది.

"తిరిగి నేర్పొచ్చు," అన్నాడు ఫణికుమార్. "పట్టీ లేకుండా, ఆగని ప్రెస్ ముందు, మెత్తటి డైతో. ఆరు నెలలు పట్టొచ్చు. దెబ్బలు తగులుతాయి. కానీ రేపు అనుమతి ఇచ్చే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు రత్నం. ఈ సంగతి ఇప్పుడు బయటపెడితే అనుమతి ఏడాది వెనక్కి పోతుంది. ఆ ఏడాదిలో ఎన్ని వేళ్ళు పోతాయో నీకూ తెలుసు. ముందు అనుమతి రానీ."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మాటలో అబద్ధమూ లేదు. "కనీసం రేపు అమ్మని కూర్చోబెట్టకండి సార్," అంది రత్నం.

"ఇన్‌స్పెక్టర్ అడిగిందే ఆవిడ్ని. ఒక్క గంట. ఆవిడ పొరపాటు చెయ్యదు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు రత్నం మూడో నంబరు బీరువా తెరిచి, లాప్‌టాప్ తగిలించి, నిచ్చెనకి పైన ఇంకో మెట్టు గీసింది. ఆ మెట్టు అర్థం ఒక్కటే: కట్టుకున్న పట్టీ వరహాలమ్మదైతే ప్రెస్ కదలకూడదు.

ఇంట్లో తల్లి మర్నాటికోసం నీలం కోటుకి ఇస్త్రీ చేయించి తెచ్చుకుంది. "ఇనస్పెట్రు నా పేరు అడిగినాడట గదే!" అంటోంది. రత్నం చెబుదామనుకుంది. చెప్పలేకపోయింది.

*

ప్రెస్ పనికి ఒక లయ ఉంటుంది. పెట్టు, తొక్కు, తియ్యి. చేతులు బిళ్ళ పెడతాయి, కాలు పెడల్ తొక్కుతుంది, చేతులు తయారైన బిగింపు తీస్తాయి. వంద బిళ్ళలయ్యేసరికి మనిషి లెక్కపెట్టడం మానేస్తాడు, కాలే లెక్కపెడుతుంది. వేళ్ళు పోయేది అక్కడే. బిళ్ళ అడ్డంగా ఇరుక్కుంటే చెయ్యి లయ తప్పి లోపలికి పోతుంది. కాలు తప్పదు.

ఇన్‌స్పెక్టర్ సన్నగా, తెల్లచొక్కాతో, తక్కువ మాట్లాడే మనిషి. వర్క్‌షాపంతా చుట్టూ చేరింది. వరహాలమ్మ వచ్చి కూర్చుంది. పట్టీ కట్టుకుంది. బిళ్ళ పెట్టింది. తొక్కింది.

ప్రెస్ కదల్లేదు.

మళ్ళీ తొక్కింది. బీరువా మీద ఎర్రలైటు వెలిగింది. ఎవరో వెనకనుంచి కిసుక్కుమన్నారు. వరహాలమ్మ పట్టీ విప్పి మళ్ళీ బిగించుకుని మూడోసారి తొక్కింది. ఆమె మొహం చెవుల దాకా ఎర్రబడింది. తలెత్తి కూతురికేసి చూసింది. రత్నం చూపు దించుకుంది. అంతటితో తల్లికి అర్థమైపోయింది.

"వరహాలప్పా, లెగు లెగు, అది నిన్ను సూసి సిగ్గుపడతంది," అంటూ అప్పలనరసయ్య ముందుకొచ్చాడు. నవ్వించడానికే అన్నాడు, ఆమె పరువు నిలపడానికి. "నా ఎనిమిదిటితో సూద్దాం. పోతే సగం రేటుకి పోతాయి."

తన పట్టీ కట్టుకుని కూర్చున్నాడు. పెట్టు, తొక్కు, తియ్యి. ప్రెస్ దడదడలాడుతూ నడిచింది. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. నలభై నిమిషాలు గడిచాయి. నరసయ్య మధ్యాహ్నం భోజనంలో చేపలపులుసు గురించి ఎవరితోనో పరాచికాలాడుతున్నాడు. అప్పుడు ఒక బిళ్ళ డైకి అతుక్కుని అడ్డం తిరిగింది. ఆయన చెయ్యి దానికోసం లోపలికి పోయింది. కాలు అప్పటికే దిగింది.

దబ్‌మని బ్రేకు పడింది. ఉక్కు డై నరసయ్య వేళ్ళకి జానెడు ఎత్తులో ఆగి ఉంది. ఆయన చెయ్యి అప్పుడు కదిలింది, అంతా అయిపోయాక. దాన్ని గుండెకి హత్తుకుని, పెద్దనోరు తెరిచి ఏదో అనబోయి, అనలేక కూర్చుండిపోయాడు.

చప్పట్లు మొదలయ్యాయి. రత్నం చూసింది మాత్రం తల్లిని. వరహాలమ్మ గుంపు చివర నిలబడి ఆగిపోయిన డైకేసే చూస్తోంది. తన చేతిలో పుట్టి, తనకి లేకుండా పోయినది ఇంకొకరి చేతిని బయటికి లాగింది. ఆమె కళ్ళు చెమర్చాయి. తల పైకెత్తి నిలబడింది, ప్రెస్‌ని తన చేతులతోనే ఆపినట్టు.

*

ఇంటికొచ్చాక వరహాలమ్మలో ఆ ఠీవి లేదు. కోటు విప్పి మంచం మీద పడేసింది.

"ఇరవై రెండేళ్ళయింది. ఏ మిషనూ నన్ను కాదన్లేదు."

"మిషన్ కాదమ్మా. నేను."

"తెలుసు. అందుకే అడగతన్నాను. నీకు నోరు నేదేటి? పెట్టె సేత సెప్పిస్తావా, అందరి ముందలా?"

రత్నం తలుపు దగ్గరే నిలబడి, గీత తిన్నగా అయిపోయిన సంగతి, నలభైవేల సార్ల సంగతి, తనే గీసిన నిచ్చెన సంగతి మొదటినుంచీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. వరహాలమ్మ ఏడవలేదు.

"నాకు తెల్దనుకున్నావేటే? పెనం మీద సెయ్యి ఉన్నప్పుడే తెలిసింది. అంతకుముందే లాబ్‌లో తెలిసింది. ఐదో నెలలోనే సెయ్యి బద్దకించింది."

"మరి చెప్పలేదేం?"

"సెబితే ఆపేద్దురు. నువ్వే ఆపేద్దువు ముందు." ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. "నా పక్క ప్రెస్సు ఈశ్వరమ్మ ఏలు పోయినప్పుడు తుక్కు బకెట్టులో ఎతికినాను నేను. నా కూతురు రాసింది, నా సెయ్యి నేర్పింది, ఇంకెవుల్దీ పోకూడదనుకున్నాను. తప్పేటి?"

"తప్పు కాదు. కానీ వాళ్ళు రేపు ఇంకో కార్డుకి ఇంకొకర్ని కూర్చోబెడతారమ్మా. ఆమెకి చెప్పేవాళ్ళుండరు."

వీధిలో షిఫ్టు బస్సు ఆగి, మనుషుల్ని దించి, వెళ్ళిపోయింది.

"ఇనస్పెట్రుకి రాయి అయితే," అంది వరహాలమ్మ.

"అనుమతి ఆగిపోవచ్చు. నా ఉద్యోగం పోవచ్చు. నువ్వు ఆరు నెలలు ప్రెస్ ముట్టుకోకూడదు. లాబ్‌లో మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. దెబ్బలు తగులుతాయి."

"దెబ్బలకేటి. రాయి."

రత్నం రాసింది. ఒక మనిషితో ఇన్నిసార్లకి మించి చేయించకూడదని, నలుగురైదుగురు పంచుకోవాలని, వారం వారం వాళ్ళ గీత చూడాలని, పోయినదాన్ని తిరిగి ఇచ్చే శిక్షణ కంపెనీయే ఇప్పించాలని రాసింది. ఇన్‌స్పెక్టర్ నగరంలోనే లాడ్జిలో ఉన్నాడు, మర్నాడు పదింటికి రైలెక్కుతాడు. కాగితం ఆలోపు ఆయన చేతిలో పడాలి. జంకు పోగొట్టుకున్న మనిషి సంతకం ఉండాలి.

తెల్లవారి వరహాలమ్మ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. ఐదో తరగతి చదువు. ఒక్కో మాటా పెదాలతో పలుకుతూ మూడు పేజీలూ చదివింది. రత్నం గోడకి ఆనుకుని, మధ్యలో ఏ మాట దగ్గర ఆగుతుందోనని చూస్తోంది. రెండో పేజీ మధ్యలో ఆగింది. అక్కడ రత్నం, తల్లిని బజార్న పెట్టడం ఇష్టంలేక, 'ఈ ప్రయోగంలో పాల్గొన్న ఒక మహిళా కార్మికురాలు' అని రాసింది.

వరహాలమ్మ పెన్ను తీసుకుంది. ఆ మాటల మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. పైన ఖాళీలో, వంకర లేకుండా, ఒక్కో అక్షరం దిద్దుతూ రాసింది: 'గొర్లె వరహాలమ్మ, ప్రెస్ ఆపరేటరు.' కింద సంతకం పెట్టింది. తన పేరు కేసి ఒకసారి చూసుకుంది.

"అమ్మా, నేనూ వస్తాను," అంది రత్నం.

వరహాలమ్మ నీలం కోటు తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుంది. కాగితాలు మడత పడకుండా అట్ట మధ్య పెట్టి చంకలో ఇరికించుకుంది. చెప్పులేసుకుని, కూతురికోసం ఆగకుండా, గుమ్మం దాటి ఇన్‌స్పెక్టర్ లాడ్జి వైపు వెళ్ళే బస్సుకి నడిచింది.